తాతగారి సోలింగెన్ కత్తి, రెండు రంగుల రాయి: పదును ఎక్కడ ఆగిపోతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. రైల్వేలో పనిచేసిన మీ తాతగారి పెట్టెలో గడ్డం గీసుకునే మడత కత్తి ఒకటి దొరికింది, దాని మీద సోలింగెన్ (కత్తులకు పేరున్న జర్మనీ ఊరు) అని చెక్కి ఉంది. దాంతోపాటే జానెడు పొడవున్న రాయి ఒకటి ఉంది, పైపొర మీగడ రంగు, అడుగు ఊదా కలిసిన నీలం. నాలుగు నెలలుగా కత్తిని ఆ రాయి మీదే నూరుతున్నారు. చేతి మీద నూగు తెగుతోంది కానీ గడ్డం దగ్గరికొచ్చేసరికి లాగుతోంది, తర్వాత మంట. ఇంకా మంచి సహజ రాయి కొనాలా, జపాన్ రాయికి ముప్పై వేలు పెట్టొచ్చా, అసలు మన కడప బండో మార్కాపురం పలకో పనికిరాదా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఖరీదైన రాయి కొనకండి. ఫోటోను బట్టి మీ దగ్గరున్నది బెల్జియం కొటిక్యూల్. గడ్డం కత్తులకు వాడిన సహజ రాళ్ళలో అది మొదటి వరసలోది. మీ ఇబ్బంది రాయిలో లేదు, కత్తికి బెవెల్ (అంచును ఆనుకుని ఉండే చదును) పూర్తిగా పడకపోవడంలో ఉంది. మామూలు 1000 గ్రిట్ తయారీ రాయి (మనిషి చేసిన రాయి; గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన) ఒకటి తెచ్చుకుని బెవెల్ సరిచేసి, ఆ తర్వాత మీ తాతగారి రాయి మీద ముగించండి. 1000 గ్రిట్ రాయి మీరు జపాన్ రాయికి పెట్టాలనుకున్న డబ్బులో పదో వంతుకే వస్తుంది.

ఇంత నమ్మకంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే కత్తి, ఇదే కథ నా దగ్గరికి చాలాసార్లు వచ్చింది. మా నాన్నది రాజమండ్రిలో సెలూన్. కుర్చీ చేతికి తగిలించిన తోలు పట్టా మీద కత్తిని అటూ ఇటూ తిప్పడం నా పదకొండో ఏట నేర్పారు. తొంభైల్లో ఎయిడ్స్ భయంతో షాపులన్నీ బ్లేడు మార్చే ఉస్తరాలకు మారిపోయాయి, అది సరైన మార్పే. నాన్న పాత కత్తులు మాత్రం పొదిలో ఉండిపోయాయి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, పదహారేళ్ళుగా వాటినీ, ఇంకెవరెవరి తాతల కత్తులనో బాగుచేస్తున్నాను. ఇప్పటికి నాలుగు వందలు దాటాయి. గడ్డం లాగుతోందని నా చేతికి వచ్చిన కత్తుల్లో ఎక్కువ వాటికి లోపం ఒకటే, మొదటి మెట్టు ఎక్కకుండానే చివరి మెట్టు మీద కూర్చోబెట్టారు.

బెవెల్ అంటే ఏమిటి, అది పడకపోతే ఏమవుతుంది

కత్తి రెండు పక్కలా, అంచును ఆనుకుని సన్నటి చదును పట్టీలు మెరుస్తుంటాయి. వాటినే బెవెల్ అంటాం. ఆ రెండు చదునులూ కలిసే గీతే వాదర. ఏళ్ళ తరబడి పెట్టెలో పడి ఉన్న కత్తికి ఆ గీత గుండ్రంగా మొద్దుబారి ఉంటుంది, సన్నటి తుప్పు కూడా తిని ఉంటుంది. మీరు రాయి మీద నూరినప్పుడు చదునులు అరుగుతున్నాయి, మెరుస్తున్నాయి. కానీ రెండూ ఇంకా కలవలేదు. మధ్యలో వెంట్రుకలో పదో వంతు మందం మిగిలిపోయినా చాలు, గడ్డం లాగుతుంది. అలాంటి వాదర మీద ఎంత నున్నటి రాయి వాడినా, ఆ మొద్దు మరింత నునుపెక్కుతుందే తప్ప పదును రాదు.

గడ్డం కత్తికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. కూరగాయల కత్తికి కోణం మన చేతి అలవాటు మీద ఆధారపడుతుంది. గడ్డం కత్తిని వీపు (వాదరకు ఎదురుగా ఉండే మందపాటి అంచు), వాదర రెండూ రాతికి ఆనించి నూరుతాం కాబట్టి కోణం కత్తిలోనే ఉంది. వీపు మందం 5 మిల్లీమీటర్లు, వీపు నుంచి వాదర దాకా వెడల్పు 17 మిల్లీమీటర్లు అనుకుంటే రెండు పక్కలా కలిపి దాదాపు 17 డిగ్రీలు వస్తుంది. వంటింటి కత్తికి 30, 40 డిగ్రీలు ఉంటాయి. అంటే కోణం గురించి మీరు టెన్షన్ పడనక్కర్లేదు, వీపు రాతి మీద నుంచి ఎప్పుడూ లేవకుండా చూసుకుంటే చాలు. ఒక్కసారి లేచినా ఆ వాదర పోయినట్టే, మళ్ళీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలి.

చేతి మీద నూగు తెగుతోందన్న మాట మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. 1000 రాయి మీంచి దిగిన గరుకు వాదర కూడా నూగు తీసేస్తుంది. పైగా అందరూ కత్తి మధ్యభాగంతోనే చూసుకుంటారు. పిడి వైపు సెంటీమీటరు, కొన వైపు సెంటీమీటరు ఎవరూ చూడరు. గడ్డం గీసేటప్పుడు లాగేది ఎక్కువగా ఆ రెండు చివరలే.

ఇవాళే చేయగలిగిన పరీక్ష

నల్ల పర్మనెంట్ మార్కర్‌తో రెండు పక్కలా బెవెల్ మీద, వాదర చివరిదాకా రంగు పూయండి. రాయి తడిపి, ఒత్తకుండా నాలుగైదు సార్లు మాత్రం నూరండి. ఇప్పుడు పది రెట్లు చూపించే భూతద్దం కింద, లైటు పక్క నుంచి పడేలా పట్టుకుని చూడండి. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దం చాలు. రంగు ఎక్కడ పోయిందో అక్కడే రాయి తగులుతోంది. రంగు వెనక సగంలో పోయి వాదర అంచున సన్నటి నల్ల గీత మిగిలితే, నేను చెప్పిందే మీ సమస్య. పిడి వైపు మొత్తం నల్లగానే ఉండిపోతే కత్తి వంకర, రాయి వంకర, చేతి ఒత్తిడి ఈ మూడింటిలో ఒకటి కారణం.

గుంటూరు నుంచి ఒకాయన వచ్చారు. మూడు రాళ్ళు కొన్నారు, రోజూ ఆఫీసు నుంచి వచ్చాక గంటసేపు నూరేవారట. ఆ శ్రద్ధ చూసి నాకే ముచ్చటేసింది. మార్కర్ పూసి చూస్తే పిడి వైపు వేలెడంత మేర రంగు చెక్కుచెదరలేదు, మిగతా చోట అంచున నల్ల గీత అలాగే ఉంది. 1000 రాయి మీద పాతిక నిమిషాలు పట్టింది సరిచేయడానికి. తర్వాత ఆయన రాయి మీదే ముగించాం. మా ఇంట్లోనే గడ్డం గీసుకుని చెంప తడుముకుంటూ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

1000 రాయి మీద పని

ముందు రాయి చదునుగా ఉందో లేదో చూడాలి. కొత్త రాయి కూడా చదునుగా ఉంటుందని నమ్మొద్దు. పెన్సిల్‌తో రాయి మీద గళ్ళు గీసి, మందపాటి గాజు పలక మీద తడిపిన వాటర్ పేపర్ పరిచి (220 లేదా 320 నంబరు) రాయిని రుద్దండి. గీతలన్నీ ఒకేలా చెరిగిపోయేదాకా. వంటింటి గ్రానైట్ గట్టు మీద చేసేవాళ్ళున్నారు, అది కంటికి చదునుగానే కనిపిస్తుంది, కానీ గాజే మేలు.

తర్వాత కత్తిని వాదర ముందుకు పెట్టి, రాతి మీద పల్చటి పొర చెక్కుతున్నట్టుగా తోయాలి. వాదర పొడవు 75 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, రాయి వెడల్పు అంతకంటే తక్కువ ఉంటుంది కాబట్టి తోస్తూనే పిడి వైపు నుంచి కొన దాకా ఐమూలగా లాగాలి. చివర తిప్పేటప్పుడు వీపు మీదే దొర్లించాలి, వాదర మీద ఎప్పుడూ దొర్లించకూడదు. మొదట్లో వేలి ఒత్తిడి కొద్దిగా పెట్టొచ్చు, బెవెల్ కలుస్తున్నకొద్దీ తగ్గించుకుంటూ రావాలి.

అయిందని ఎలా తెలుస్తుంది? నేను మూడు గుర్తులు చూస్తాను. భూతద్దం కింద వాదరను పైనుంచి నేరుగా లైటు కింద చూస్తే ఎక్కడా మెరుపు కనిపించకూడదు, మెరిసే చోటల్లా మొద్దు ఉన్నట్టే. నూరేటప్పుడు రాతి మీది నీళ్ళు వాదర ముందు ఆగకుండా కత్తి మీదికి పాకాలి, వాదర పొడవునా ఒకేలా. చేతి మీద నూగును ఏ ఒత్తిడీ లేకుండా పిడి దగ్గర, మధ్యలో, కొన దగ్గర ఒకే తీరులో తీయాలి. నూగు పరీక్ష పనికొచ్చేది ఈ మెట్టు దగ్గరే. మూడూ ఉంటేనే ముందుకు వెళ్ళండి. ఇక్కడ ఆగి గంట ఎక్కువ గడిపినవాళ్ళకు మిగతాదంతా తేలిక. తొందరపడినవాళ్ళు వారం తర్వాత మళ్ళీ ఇక్కడికే వస్తారు.

మీ తాతగారి రాయి గురించి

ఈ రాయి బెల్జియంలో ఆర్డెన్ కొండల్లో, వీల్‌సాల్మ్ ఊరి చుట్టుపక్కల దొరుకుతుంది. సముద్రం అడుగున బురద పేరుకుని, భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ రాయిగా మారింది. ఊదా-నీలం పలక రాయి మధ్యలో మీగడ రంగు కలిసిన పసుపు పొరలు కొన్ని సెంటీమీటర్ల మందంలోనే ఉంటాయి. అందుకే పసుపు రాయిని ఒంటరిగా కోస్తే విరిగిపోతుందని, కింద పలక రాయిని ఆధారంగా ఉంచుతారు. కొన్నింటికి ఆ జోడీ ప్రకృతిలోనే ఉంటుంది, చాలావాటికి జిగురుతో అతికిస్తారు. సాల్మ్‌షాటో ఊళ్ళో ఈ రాయికి మ్యూజియం కూడా ఉంది. తవ్వకం ఇప్పటికీ కొద్దిస్థాయిలో సాగుతోంది.

ఈ రాయిలో కోసే పని చేసేది స్పెసార్టైన్ అనే మాంగనీస్ గార్నెట్. రాయి పరిమాణంలో మూడో వంతు దాకా ఇవే గింజలు, మెత్తటి అభ్రకంలో పొదిగి ఉంటాయి. మనిషి చేసిన రాళ్ళలోని అల్యూమినియం ఆక్సైడ్ ముక్కలు పగిలిన గాజులా కోసుగా ఉంటాయి. గార్నెట్ స్ఫటికం పన్నెండు ముఖాలతో దాదాపు బంతిలా ఉంటుంది. బంతి లాంటి గింజ ఉక్కులో లోతుగా దిగదు, లోతు లేని గాడి గీస్తుంది. గింజలు మరీ సన్నవి కాకపోయినా వాదర నునుపుగా వచ్చేది అందుకే. కొటిక్యూల్ వాదరతో గీసుకుంటే చర్మం మీద మెత్తగా ఉంటుందని నేను అంటాను, నా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది అంటారు. కొందరికి 12000 తయారీ రాయి ఇచ్చే కరుకు చురుకుదనమే ఇష్టం. చర్మాన్ని బట్టి ఉంటుంది.

ఈ రాయిని వాడే పద్ధతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది దీని దగ్గరే తప్పటడుగు వేస్తారు.

కొటిక్యూల్ మీద అదే జాతి చిన్న రాయి ముక్కతో, నీళ్ళు చల్లి రుద్దితే పాలలాంటి ముద్ద వస్తుంది. స్లర్రీ అంటారు. సాన మీద గంధం తీసినట్టే ఉంటుంది కాబట్టి నేను రాతి గంధం అంటాను. గంధంలో గార్నెట్లు విడిపోయి దొర్లుతుంటాయి. అందుకని ఉక్కు త్వరగా అరుగుతుంది, బూడిద రంగు తేలుతుంది. బాగానే ఉంది. కానీ మనం వాదర ముందుకు పెట్టి తోస్తున్నాం కదా. ఆ దొర్లే గింజలు వాదరకు ఎదురొచ్చి గుద్దుకుంటాయి. ఒక పక్క రాయి పదును పెడుతుంటే, ఇంకో పక్క గంధం ఆ కొసను మొద్దు చేస్తుంటుంది. రెండూ సమానమైన చోట పదును ఆగిపోతుంది. చిక్కటి గంధం మీద మీరు రోజంతా నూరినా ఆ గీత దాటదు.

నేను మొదటి కొటిక్యూల్ కొన్నప్పుడు ఇది తెలియక చాలా నెలలు పోగొట్టుకున్నాను. చివర్లో పదును చాలలేదనిపించినప్పుడల్లా కొత్తగా గంధం తీసేవాణ్ణి, ఇంకా కోస్తుందని. ప్రతిసారీ గీసుకుంటే మరింత లాగేది. నాన్నకు ఫోన్ చేసి చెబితే, "అంత గంధం ఎందుకురా, కడిగి చూడు" అన్నారు. ఆయన ఎప్పుడూ కొటిక్యూల్ చూడలేదు. తన రాయి మీద చివర్లో శుభ్రమైన నీళ్ళే వాడేవారు, అంతే.

కాబట్టి క్రమం ఇది. పల్చటి పాలంత చిక్కదనంతో మొదలుపెట్టండి. కత్తిని తిప్పకుండా ఒక పక్కనే ముందుకీ వెనక్కీ ముప్పై సార్లు, తర్వాత రెండో పక్క ముప్పై సార్లు. ఆపై వేలు నీళ్ళలో ముంచి రెండు మూడు చుక్కలు వేయండి, గంధం కొద్దిగా పలచబడుతుంది. మళ్ళీ ఇరవై ఐదు, ముప్పై. మళ్ళీ చుక్కలు. ఇలా ఎనిమిది, పది సార్లు. ప్రతిసారీ చేతి ఒత్తిడి కాస్త తగ్గాలి. గంధం నీళ్ళలా అయ్యాక రాయినీ కత్తినీ కడిగేయండి. శుభ్రమైన నీళ్ళతో, కత్తి బరువు తప్ప ఏ ఒత్తిడీ లేకుండా యాభై అరవై సార్లు, ప్రతిసారీ తిప్పుతూ. ఈ చివరి దశలో కత్తి రాతికి అతుక్కుంటున్నట్టు, ఏదో పీల్చుకుంటున్నట్టు అనిపిస్తుంది. అది మంచి గుర్తు.

అంకెలు పట్టుకుని కూర్చోకండి. సహజ రాయి ఏ ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. నా దగ్గరున్న రెండు కొటిక్యూల్ రాళ్ళలో ఒకటి గంధంతో చురుగ్గా కోస్తుంది, రెండోది నిదానం కానీ ముగింపు ఇంకా నున్నగా ఇస్తుంది. మీ రాయి ఏ రకమో మూడు నాలుగు సార్లు చేస్తేనే తెలుస్తుంది. అందుకే నాలుగు రాళ్ళు పెట్టుకోవద్దని చెబుతాను. ఒకే రాయితో ఏడాది ఉంటే దాని నడక చేతికి తెలుస్తుంది.

మీ రాయి పాతది కాబట్టి రెండు జాగ్రత్తలు. నీళ్ళలో నానబెట్టొద్దు, అది నీరు పీల్చే రాయి కాదు, పైగా అతుకు ఊడిపోవచ్చు. పైన చిలకరిస్తే చాలు. రెండోది, పసుపు పొర పల్చగా మిగిలి ఉంటే చదును చేసేటప్పుడు 400 లేదా 600 పేపర్ వాడండి, అవసరానికి మించి అరగదీయకండి. అడుగున ఉన్న నీలం కూడా పారేయాల్సింది కాదు. అందులోనూ గార్నెట్లు ఉంటాయి, తక్కువ. పని నిదానంగా చేస్తుంది. గంధం తీయడానికి చిన్న ముక్క లేకపోతే చిన్న డైమండ్ ప్లేటుతో (వజ్రపు పొడి అతికించిన పలక) రుద్దినా గంధం వస్తుంది.

1000 మీంచి నేరుగా కొటిక్యూల్‌కు వెళ్ళొచ్చా? గంధంతో మొదలుపెడితే వెళ్ళొచ్చు. మధ్యలో 3000 లేదా 5000 రాయి ఉంటే సమయం కలిసొస్తుంది, తప్పనిసరి కాదు.

మిగతా సహజ రాళ్ళు, మన రాళ్ళు

జర్మనీలో తూరింగెన్ ప్రాంతపు పలక రాయి గడ్డం కత్తులకు ఎంతో పేరున్నది. సోన్నెబర్గ్ నుంచి ఎషర్ పేరుతో లేబుల్ అంటించి ప్రపంచమంతా పంపారు. ఇప్పుడు ఆ పాతవే చేతులు మారుతున్నాయి, లేబుల్ ఉంటే ధర చెప్పనక్కర్లేదు. అమెరికాలో ఆర్కెన్సా రాయి నొవాక్యులైట్, దాదాపు అంతా సన్నటి క్వార్ట్జ్. నూనెతో వాడతారు, గంధం ఇవ్వదు, చాలా గట్టిది, ఓపిక ఉన్నవాళ్ళకు అద్భుతంగా ముగిస్తుంది. క్యోటో చుట్టుపక్కల జపాన్ రాళ్ళ విషయంలో నా మాట ఒకటే: చేత్తో ముట్టుకుని, కత్తి వేసి చూడకుండా ఫోటో చూసి ముప్పై వేలు పంపొద్దు. వాటిలో మంచివి నిజంగా గొప్పవి. కానీ రాయిలో కరుకు గింజ ఉన్న గీత ఒకటి దాగి ఉంటే ప్రతిసారీ వాదర మీద గాటు పెడుతుంది, అది ఫోటోలో కనిపించదు.

ఇక కడప బండ. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నల్లగా, చల్లగా, నున్నగా ఉంటుంది కాబట్టి ఆశ పుడుతుంది. కానీ అది సున్నపురాయి, దానిలో ప్రధానమైన కాల్సైట్ గట్టిదనం మోస్ కొలతలో (ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే కొలత) 3. గట్టిపరచిన ఉక్కు దానికంటే చాలా గట్టిది. రాయి కత్తిని కోయదు, కత్తే రాయిని గీకుతుంది. తాండూరు బండదీ అదే సంగతి. పల్లెల్లో గట్టు మీద కత్తి నూరితే కాస్త పదునెక్కినట్టు అనిపించేది రాయిలోనో మట్టిలోనో ఉన్న ఇసుక రేణువుల వల్ల. కొడవలికి అది సరిపోతుంది, గడ్డం కత్తికి సరిపోదు.

మార్కాపురం పలక మీద నాకు మొదటి నుంచీ ప్రేమ ఉంది. తూరింగెన్ రాయి కూడా పలక రాయే. ఆ ప్రాంతంలోని స్టైనాక్ ఊరు బళ్ళో పిల్లలు పలక మీద రాసుకునే రాతి పెన్సిళ్ళకు ఒకప్పుడు పేరుమోసింది. ఇక్కడ మార్కాపురం పలకలు, అక్కడ రాతి పెన్సిళ్ళు. ఆ పోలిక చూసి ఉత్సాహంతో, పాత పలక చట్రం ఊడదీసి చదును చేసి 8000 నుంచి వచ్చిన కత్తిని వేశాను. నునుపు కొద్దిగా వచ్చింది, కానీ భూతద్దం కింద అక్కడక్కడ లోతైన గీతలు కనిపించాయి. గింజ అంతటా ఒకేలా లేదు. ఒక్క పలకతో ఆ గనులన్నిటి మీదా తీర్పు చెప్పను. మీకు దొరికితే పనికిరాని కత్తి మీద చూడండి, తాతగారి కత్తి మీద వద్దు.

ఒక మాట గర్వంగా చెప్పుకోవాలి. ప్రపంచమంతా వాడే కొరండం అనే పేరు మన దక్షిణాది మాటే, తమిళంలో కురుందం. గట్టిదనం 9. లక్కలో కురుందం పొడి కలిపి సాన చక్రాలు చేసిన నేల ఇది. ఇవాళ్టి 1000 రాళ్ళలో చాలావాటిలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ కూడా రసాయనపరంగా ఆ కురుందమే.

కానీ వీధిలో "కత్తులు సాన పడతాం" అని వచ్చే చక్రానికి మాత్రం ఈ కత్తిని ఇవ్వకండి. వాళ్ళ పని వంటింటి కత్తికి, కత్తెరకు. చక్రం వేడికి ఇంత పల్చటి ఉక్కు నీలమెక్కి టెంపర్ (ఉక్కుకు పెట్టిన గట్టిదనం) పోతుంది, ఆ భాగం ఇక పదును నిలుపుకోదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు పక్కల కార్బొరండం రాయి కూడా వద్దు, దాని సన్నటి పక్క కూడా ఈ కత్తికి మరీ గరుకు.

చిన్నవిగా కనిపించే కొన్ని విషయాలు

బోరు నీళ్ళు వాడకండి. మా అపార్ట్‌మెంట్ నీళ్ళలో సన్నటి ఇసుక వస్తుంది, ఒక్క రేణువు చాలు చివరి దశలో వాదరను గీయడానికి. ఫిల్టర్ నీళ్ళు ఒక గిన్నెలో పెట్టుకోండి. 1000 రాయి తర్వాత చేతులు, కత్తి, బల్ల అన్నీ కడిగి మరో నీళ్ళతో మొదలుపెట్టండి.

వీపు మీద బంగారు పూతో చెక్కడమో ఉంటే ఎలక్ట్రికల్ టేపు ఒక పొర అంటించి నూరతారు. తప్పు లేదు. ఒక పొరకు కోణం దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. ఇబ్బందల్లా, ఒక రాయి మీద టేపుతో, ఇంకో రాయి మీద టేపు లేకుండా నూరడం. అప్పుడు రెండో రాయి వాదరను తాకనే తాకదు. మొదలుపెట్టినట్టే ముగించాలి, అరిగిన టేపును మధ్యలో మార్చాలి.

మీ కత్తి వాదర బల్ల మీద పెడితే కొద్దిగా చిరునవ్వులా వంగి ఉందనుకోండి, కంగారు పడొద్దు. పాత కత్తులు చాలా అలాగే ఉంటాయి. ఐమూలగా లాగుతూ, కొన దగ్గరికి వచ్చేసరికి పిడిని రవ్వంత పైకెత్తితే వాదర అంతా రాతికి తగులుతుంది. లోపలికి వంగి ఉంటే, అంటే చివరలు తగిలి మధ్య తగలకపోతే, అది మొదటి కత్తి మీద నేర్చుకునే పని కాదు. అలాంటిది ఎవరికైనా పంపండి.

తుప్పు పై పై మరకైతే పర్వాలేదు. వాదర అంచులోనే తుప్పు గుంటలు ఉంటే ఎంత నూరినా అక్కడ ఉక్కు చిన్న ముక్కలుగా రాలుతుంటుంది. ఒక కుటుంబం తెచ్చిన కత్తిని రెండు మిల్లీమీటర్లు లోపలికి అరగదీసి చూశాను, గుంటలు ఇంకా లోతుగా ఉన్నాయి. వాళ్ళ ముత్తాతగారి గుర్తుగా అద్దాల బీరువాలో పెట్టుకోమని తిరిగి ఇచ్చేశాను. అలా చెప్పడం బాధగానే ఉంటుంది.

రాయి తర్వాత పట్టా. ముందు గుడ్డ పట్టీ మీద ముప్పై, తర్వాత తోలు మీద అరవై. ఇక్కడ వీపు ముందు నడవాలి, వాదర వెనక రావాలి. పట్టా బిగువుగా ఉండాలి, సడలితే వాదర గుండ్రమవుతుంది. తిప్పేటప్పుడు మళ్ళీ వీపు మీదే దొర్లించాలి. రాయి మీద బాగా వచ్చిన వాదరను వదులు పట్టా మీద పాడుచేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకే తెచ్చిన కత్తితోపాటు పట్టా కూడా చూపించమంటాను.

గీసుకునే ముందు గడ్డాన్ని వేడినీళ్ళతో మూడు నాలుగు నిమిషాలు నాననివ్వండి. చర్మాన్ని రెండో చేత్తో బిగించి, కత్తి చర్మానికి 30 డిగ్రీలు మించకుండా పట్టుకోండి. నిటారుగా పడితే ఎంత మంచి వాదరైనా గీకుతుంది. ఇది కూడా మంటకు ఒక కారణం కావచ్చు, చూసుకోండి. ఇంకొకరి గడ్డానికి ఈ కత్తి వాడొద్దు. ముగించాక కడిగి, బాగా తుడిచి, కుట్టు మిషన్ నూనె ఒక చుక్క రాసి పెట్టండి. కొబ్బరినూనె కొన్నాళ్ళకు జిగురు కడుతుంది.

ముందు మార్కర్ పరీక్ష చేసి, రంగు ఎక్కడ మిగిలిందో రెండు పక్కల ఫోటోలు పెట్టండి. వీపు మీద అరుగుదల రెండు వైపులా సమానంగా ఉందో లేదో కూడా ఒక ఫోటో. పిడి వైపు మాత్రమే నల్లగా మిగిలితే 1000 రాయి కొనేలోపు చేతి ఒత్తిడి ఎలా మార్చాలో చెబుతాను.